అరకిలో మట్టి

తొమ్మిదిన్నర బస్సు దిగి
నెల్లూరు భూసార పరీక్ష గదిలోకొచ్చింది
విడవలూరు అవతలి మాలకొండమ్మ.
బట్టలకొట్టు సంచిలో అరకిలో మట్టి,
అదే సంచిలో మనవడి మందుల చీటీ.

పొలం వివరం రాసుకురమ్మంటే
పెళ్ళిపత్రిక చించి వెనకవైపు రాయించుకొచ్చింది.
సర్వే నంబరు. కౌలు, ఎకరం ముప్పై సెంట్లు.
పోయిన పంట?
"వరి. పంటని చెప్పుకోవాలంతే."
దాని ముందు? "రొయ్య."
దాని ముందు? "రొయ్యే."
ఇంకా ముందు?
"మా మామ కాలంలో మొలగొలుకులబ్బయ్యా,
కూర లేకపోయినా లోపలికి పొయ్యేది."

నా పని పెద్దదేం కాదు.
మట్టిని నీడలో ఆరబెడతాను,
చెక్కసుత్తితో నలగ్గొట్టి జల్లెడ పడతాను.
గుడ్డ మీద పరిచి
వేలితో అడ్డంగా ఒక గీత, నిలువునా ఒకటి.
ఎదురెదురు రెండు భాగాలు తీసి అవతల పోస్తాను.
మిగిలినదాన్ని మళ్ళీ పరుస్తాను, మళ్ళీ గీత.
పద్దెనిమిదేళ్ళుగా ఈ జిల్లాని
సగం సగం పారబోస్తూ వస్తున్నాను.

ఆమె ఊరుకోలా.
చిటికెడు తీసి నాలిక మీద వేసుకుని
కళ్ళు మూసుకుంది, పులుసు రుచి చూసినట్టు.
"ఉప్పగుండాది. మీ మిషనేమంటుండాది?"
మిషనూ అదే అంది,
కాస్త ఆలస్యంగా.

చదివి చెప్పాను.
ఉదజని సూచిక ఎనిమిది పాయింట్ తొమ్మిది.
పాలచౌడు దాటి కారుచౌడులోకి దిగుతోంది నేల,
నీళ్ళు పెడితే మింగదు, ఎండితే పలకలా బిగుస్తుంది.
కర్బనం అడుగంటింది.
భాస్వరం మాత్రం దండిగా ఉంది,
గుంట పూడ్చిన తొందరలో ఎవరో
మూటలకు మూటలు డి.ఏ.పి. గుమ్మరించినట్టున్నారు.
జింకు, సున్నా పాయింట్ మూడు.

"నాటిన మూడోవారానికి ఆకుమీద తుప్పు లేచింది,
పాత రేకుకి పట్టినట్టు.
పురుగనుకుని మందు కొట్టినాం.
రెండుసార్లు కొట్టినాం."

పురుగు కాదమ్మా.
ఉన్న కాస్త జింకూ లోపలే ఉంది,
భాస్వరం చెయ్యి పట్టుకుని వదలడం లేదు,
వేరు పిలిస్తే పలకడం లేదు.
ఎకరాకు ఇరవై కిలోల జింకు సల్ఫేటు వెయ్యి, ఆఖరి దమ్ములో.
డి.ఏ.పి.తో మాత్రం కలపొద్దు.

"ఇది కూడా చదివిపెట్టు."
ఆసుపత్రి చీటీ.
మూడేళ్ళ పిల్లాడు, ఆగని విరేచనాలు.
జింకు బిళ్ళలు, రోజుకొకటి, పద్నాలుగు రోజులు.

"రెండు కాయితాల్లో ఒకే పేరు చదివినావే?"
అవునన్నాను.
"మడికీ పిలగాడికీ ఒకటే మందా?"

ఏ పైరుకెంతో చెప్పే పట్టిక గోడకుంది,
ఏ నేలకెంతో చెప్పే పట్టిక సొరుగులో ఉంది.
మడికీ మనవడికీ మధ్య పట్టిక
నాకెవరూ ఇవ్వలేదు.
మట్టిలో పలకనిది గింజలోనూ సరిగా పలకదని
మెల్లగా చెప్పాను.
మరి పిల్లాడి జబ్బు దానివల్లేనా అంటే
తెలీదన్నాను. అదీ నిజమే.

చౌడుకేం చెయ్యాలని అడిగింది.
జిప్సం చల్లి, నీళ్ళు నిలగట్టి, తీసెయ్యాలి.
మూడు దఫాలు.
ఆ మీదట జీలుగ వేసి పూతకొచ్చేలోగా కలియదున్నాలి.
"తీసేసిన నీళ్ళు యాడికి పోతాయి?"
కాలవలోకి.
"కాలవ కింద మా తోడికోడలి మడుండాదే."

నా కలం ఆగింది.
కార్డులో దానికి గడి లేదు.

ఆమె వెళ్ళాక క్యారేజీ విప్పి
తెల్లటి మెతుకుల మీద
వేలితో అడ్డంగా ఒక గీత గీశాను, నిలువునా ఒకటి.
ఏ రెండు భాగాలు పారెయ్యాలో తోచక
మొత్తం తినేశాను.

బుధవారం తొమ్మిదిన్నర బస్సుకి
ఇద్దరు ఆడవాళ్ళు దిగారు,
ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా,
చెరో సంచీతో.